పక్కన ఎవరున్నారు?

శ్రీకాకుళంలోని ఓ ఆసుపత్రిలో సూపరింటెండెంటు, ప్రసూతి పీజీ చేస్తున్న డాక్టరమ్మ ముందుకు ఆమె కేసుల పుస్తకం తోశాడు. ‘పక్కనున్న ప్రొఫెసరు’ గడులన్నీ ఖాళీ.

“రేపు పీజీ సీట్ల తనిఖీకొస్తన్నారు. అన్నింటికీ ఆయన పక్కనున్నారని రాసీమ్మా.”

“నలభై సిజేరియన్లలో ఒక్కదానికీ రాలేదు సార్. మొన్న రక్తం ఆగకపోతే ఫోన్లో చెప్పారు. దగ్గరుండి నేర్పిస్తామనే కదా మన ఆసుపత్రి ప్రభుత్వం దగ్గర ఈ సీటు తీసుకుంది?”

“సీటు పోతే అంత దూరం భావనపాడు నుంచొచ్చే పురిటి మనిషినెవరు సూస్తారు? నీ చెయ్యి మంచిది. పక్కన ఇంకో మనిషెందుకు?”



“అయితే వచ్చేవారం మీ అమ్మాయి సిజేరియన్ నేనొక్కదాన్నే చెయ్యనా సార్?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

“దాన్ని విశాఖ తీసుకెళ్తన్నాం.”

ఆమె కలం తీసి, మొదటి గడిలో ‘ఎవరూ లేరు’ అని రాసింది.