ఫోన్లో చెప్పిన పులుసు

కూర బాగుందమ్మాయ్. అబద్ధం ఎందుకు చెప్తాను నీకు? ఎండురొయ్యలు కాస్త వేయించి వేసినట్టున్నావు, నువ్వు గుమ్మంలోకి రాగానే తెలిసిపోయింది. అలా కూర్చో, ఆ స్టూలు లాక్కో. ఒక్కణ్ణే తింటే ముద్ద దిగి చావదు నాకు. మీ అమ్మని అడిగి చేశావా? వీడియోలోనా? మంచిదేలే, ఇప్పుడైతే వండేవాళ్ళ చెయ్యి కూడా కనపడుతుంది. మా రోజుల్లో మాట ఒక్కటే వెళ్ళేది. ఇదిగో, ఈ ముందు గదిలోనే నా కిరాణా కొట్టు ఉండేది కదా, పేటంతటికీ ఫోన్ కూడా అందులోనే, అప్పుడు పల్లంరాజు అని ఒకాయన వచ్చేవాడు. నీకు తెలీదులే, నువ్వీ మొగల్తూరు కోడలిగా రాకముందే పోయాడు, అబ్బో, ఎప్పటి మాట. సముద్రం మీద వేటకెళ్ళేవాడు. పడవ మీద వంట ఆయనదే. ఇంట్లో వంటా ఆయనదే. పెళ్ళాం పురిట్లోనే పోయింది మరి, పిల్లేమో నెత్తుటి గుడ్డు. మళ్ళీ పెళ్ళి చేసుకోరా అని అందరూ చెప్పారు, మా ఆవిడ కూడా చెప్పింది. ఊహూఁ. చంకలో పిల్ల, చేతిలో గరిటె, అలాగే పెంచాడు. చేపల పులుసు పెడితే ఆయన తర్వాతే ఎవరైనా అని ఆడాళ్ళే ఒప్పుకునేవారు. ఒప్పుకుంటూనే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారనుకో, అది వేరే సంగతి.

ఆ పిల్ల నాగదుర్గ. చిదిమి దీపం పెట్టుకోవచ్చు అంటారే, అలా ఉండేది. కానీ వంట మాత్రం సున్నా. ఎలా వస్తుంది? పొయ్యి దగ్గరికి రానిస్తే కదా ఆయన! "చదువుకో అమ్మా, సెగ తగిలితే నల్లబడిపోతావు" అనేవాడు. రాజమండ్రి సంబంధం వచ్చింది. అల్లుడు రాజేంద్ర, మిల్లులో పని, తల్లీ కొడుకూ ఇద్దరే ఇంట్లో. పెళ్ళయి వెళ్ళిన వారం తిరక్కుండానే నా కొట్లో ఫోన్ మోగింది. "తాతాజీ మావయ్యా, మా నాన్నని ఒక్కసారి పిలవ్వా, తొందరగా" అని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆయన వల బాగుచేసుకుంటున్నవాడల్లా పరిగెత్తుకొచ్చాడు, ఏం కొంపలు మునిగాయో అని. తీరా చూస్తే ఏంటి? "నాన్నా, బొమ్మిడాయిలు తెచ్చారు, జారిపోతున్నాయి, ఏం చెయ్యాలి?" అంట! "రాళ్ళుప్పు వేసి గట్టిగా రుద్దమ్మా. జిగురు పోయేదాకా రుద్దు. ఉల్లిపాయ ఎర్రబడ్డాక చింతపండు పులుసు పొయ్యి. పులుసు మరిగాకే చేప వెయ్యాలి. ఇంక గరిటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టుకుని కుదుపు" అని ఆయన చెప్తుంటే కొట్లో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించి వింటున్నారు. ఉప్పు కొనడానికొచ్చిన ఏసమ్మయితే కొంగుకి ముడేసుకున్నట్టు సగం నేర్చేసుకుంది.

అలా కొన్నాళ్ళు గుట్టుగా నడిచింది. ఓ రోజు ఆయన "కరివేపాకు ఆఖర్న వెయ్యమ్మా" అంటుంటే అటు నుంచి వేరే గొంతు. వియ్యపురాలు! పెద్దింట్లమ్మ గారు. ఆవిడ గొంతు ఫోన్లో నుంచి బయటికి కొట్టేది, నాకూ వినపడింది. "ఏంటండీ అన్నయ్యగారూ ఇదీ? నా కోడలు అమృతం వండుతోందని పేటంతా చెప్పుకుంటున్నాను నేను. వంట చేసేది మీరా?" అని. పల్లంరాజు మొహం చూడాలి, బళ్ళో దొరికిపోయిన కుర్రాడిలా అయిపోయింది. "తల్లి లేని పిల్లండీ చెల్లెమ్మగారూ, నేర్పనిది నేనేనండి, దాన్నేం అనకండి" అని నిలువునా చెమటలు. తర్వాత ఆవిడేమందో తెలుసా? "సర్లెండి. ఆ గోంగూరలో రొయ్యలు మీరెలా వేస్తారో అది కూడా చెప్పండి. నాకెప్పుడూ నీరు వదిలేస్తుంది" అంది! ఇంక చూస్కో. అప్పట్నుంచి ఆవిడే చేసేది ఫోను. ఈయన రొయ్యలు చెప్తే, ఆవిడ పనసపొట్టు కూర చెప్పేది. ఆవముద్ద ఎప్పుడు కలపాలో ఆయనకి ఆవిడే నేర్పింది. వియ్యాలవారు లాంఛనాల దగ్గర తగువులాడుకోవడం చూశాను గానీ, ఇంగువ ఎంత వెయ్యాలని తగువులాడుకోవడం అక్కడే చూశాను.

ఆ నీళ్ళ గ్లాసు ఇలా ఇవ్వమ్మా. ఆఁ... ఏం చెప్తున్నాను? దుర్గ. ఆ పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. వానాకాలం అది. మామూలు జ్వరమే అనుకున్నారు ముందు. ఫోన్ చేసింది, "నాన్నా, చప్పిడి పథ్యం పెట్టారు. ఉప్పు లేకుండా చారు నోటికి రుచిగా ఎలా పెట్టుకోవాలి?" అని. ఈయన నవ్వుతూనే చెప్పాడు, వాము వేసి కాచుకో, నిమ్మకాయ పిండుకో అని. ఫోన్ పెట్టేశాక మాత్రం అక్కడే నిలబడిపోయాడు. "గొంతు బాలేదండీ తాతాజీ గారూ, దాని గొంతు బాలేదు" అని, కట్టుబట్టల్తో బస్సెక్కి వెళ్ళిపోయాడు. పెద్దాసుపత్రిలో వేశారు. దక్కలేదమ్మా. కడుపున ఓ కాయైనా కాయకుండానే పోయింది. తిరిగొచ్చాక ఆయన నా కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేశాడు. చుట్టూ తిరిగి కాలవ గట్టు మీంచి పోయేవాడు. ఎందుకో నాకు తెలుసు. ఫోన్ మోగితే వినపడుతుంది కదా.

చాన్నాళ్ళకి పెద్దింట్లమ్మ గారు చేశారు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "అన్నయ్యగారూ, అబ్బాయికి మళ్ళీ పెళ్ళి చేస్తున్నానండి. మీకు చెప్పకుండా చేస్తే నాకు పుట్టగతులుండవు" అంది. ఈయన, "మంచి పని చేస్తున్నారమ్మా. కుర్రోడు, ఎన్నాళ్ళుంటాడు అలాగ" అన్నాడు. అంతే, పెట్టేశాడు. ఇంక అక్కడితో ఆ ఇంటికీ ఈ ఇంటికీ చెల్లు అనుకున్నాను నేను. కూతురు పోయాక వియ్యంకుడేంటి, లోకం తీరు అదే కదా. కానీ మరి కొన్నాళ్ళకి ఓ కొత్త గొంతు. "నేనండీ... సత్యవేణినండీ. అత్తయ్యగారు పులుసు సంగతి మిమ్మల్నే అడగమన్నారండి" అని. దుర్గ స్థానంలోకి వచ్చిన పిల్ల. పల్లంరాజు రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. నాకైతే పెట్టేస్తాడనే అనిపించింది. నేనైతే పెట్టేసేవాణ్ణేమో. చివరికి గొంతు సవరించుకుని, "ముందు చేప ఏంటో చెప్పమ్మా" అన్నాడు.

తర్వాత పెద్దవాడైపోయాడు. వేట మానేశాడు. ఒక్కడికి ఏం వండుకుంటాడు, ఇంత గంజి కాచుకుని పచ్చిమిరపకాయ నంజుకునేవాడు. అంత వండినవాడు! నాకిప్పుడు తెలుస్తోందిలే అది, మా ఆవిడ పోయాక. ఆకలి ఉంటుంది, వండుకోవాలని ఉండదు. మనిషి మంచాన పడ్డాడని నేనే రాజమండ్రి ఫోన్ చేశాను. మర్నాడే దిగారు అత్తా కోడలూ. పెద్దింట్లమ్మ గారు గుమ్మంలోనే ఏడ్చేసింది, మనిషిని చూసి. సత్యవేణి కొంగు బిగించి పొయ్యి వెలిగించింది. పులుసు పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను, ఆయన్ని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. ఓ ముద్ద తిన్నాడు. ఆగాడు. ఆ పిల్ల భయపడిపోయింది, "బాలేదాండీ?" అని. "బాగుందమ్మా. కానీ ఇది నేను చెప్పింది కాదు. బెల్లం ముక్క పడింది. దించేటప్పుడు వెల్లుల్లి చితక్కొట్టి వేశావు. నేనెప్పుడూ వెయ్యను" అన్నాడు.

అప్పుడు పెద్దింట్లమ్మ గారు అంది కదా, "మీరు చెప్పింది కాదన్నయ్యగారూ. దుర్గ చేసేది. మీరు చెప్పినట్టే మొదలెట్టి, మీకు తెలీకుండా మార్చుకుంది. నాన్నకి చెప్పకండత్తయ్యా, కోప్పడతాడు అనేది. దాని దగ్గర నేను నేర్చుకున్నాను, ఆ మార్పులు ఈ పిల్లకి నేను నేర్పాను" అని. చూడమ్మాయ్, కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆ ఇంట్లో తిని చెయ్యి కడగకూడదని మావైపు పట్టింపు. ఎప్పుడెళ్ళినా మంచినీళ్ళు తాగి వచ్చేసేవాడు. అది పుట్టింటికొస్తే ఈయన పొయ్యి ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాని చేతి ముద్ద ఆయన నోట్లో పడిందే లేదు, ఆ రోజు దాకా. నెమ్మదిగా, ముల్లు ముల్లూ వేరుచేసుకుంటూ, పళ్ళెం మొత్తం తినేశాడు. తిన్నాక చెయ్యి కడుక్కోలేదు. అలాగే పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దింట్లమ్మ గారు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడే ఉంది. చెయ్యి ఎండిపోయింది, పులుసు తెట్టు కట్టేసింది వేళ్ళ మీద, అయినా కడుక్కోడే...

...

ఆ ఫ్యాను చూడమ్మా, మళ్ళీ చప్పుడు చేస్తోంది. మీ ఆయన్ని ఓసారి చూడమని చెప్పు.