రోడ్డు కనిపించే బల్ల

"మామ్మా, నిన్న హోటల్లో ఫ్యామిలీ సెక్షన్‌లో కూర్చుందామంటే అంత గయ్యిమన్నావేంటి? లోపల ఏసీ ఉంది కదా. అందర్నీ తీసుకొచ్చి గుమ్మం పక్కన ఆ ఎండలో కూర్చోబెట్టావు."

గయ్యిమన్నానేటి? అనుంటాన్లే. మీ నాన్న మొకం మాడ్సుకున్నాడు, సూసేను. కూతురి పుట్టినరోజని ద్వారకా నగర్‌లో అంత పెద్ద హోటలుకి తీసుకొత్తే, ముసల్ది రోడ్డు పక్క బల్లే కావాలని మంకుపట్టు పట్టిందేటని. లోపల సల్లగా ఉంటాదని, కుర్సీలు మెత్తగా ఉంటాయని నాకు తెల్దేటి? ఆ గుమ్మం మీద రాసుంది సూడు, ఫ్యామిలీ అని, ఆ మాట సూత్తే నాకు ఒల్లు మండుతాది. ఈనాటి మంట కాదది. ఆ ఫోను ఒగ్గీసి ఇలగొచ్చి కూకో, సెప్తాను. ఏటి, రికార్డు సేత్తన్నావా? సేసుకో. మీ తాత లేడు కదా ఇనడానికి.

మాది సోడవరం పక్క పల్లె, నీకు తెలుసు కదా. స్టీలు ప్లాంటు కడతన్న రోజులవి. గాజువాకంటే అప్పుడేటుంది, లారీలూ ఎర్ర దుమ్మూను. మీ తాతా, ఆల తమ్ముడు మీ సిన్నతాతా, ఇద్దరిదీ ఉమ్మడి కాపరం. సిన్నతాత పెల్లాం పార్వతి, అంటే నా తోటికోడలు. నాకన్నా సిన్నది, నన్ను అప్పా అని పిల్సేది. మా ఇద్దరికీ పొయ్యి కాడే తెల్లారేది, పొయ్యి కాడే పొద్దుగూకేది. బెల్లం వొండే రోజులొచ్చాయంటే గానుగ కాడ కూలోల్లకి కూడా మేవే వొండి పంపాల. మగోల్లు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక అత్త, అందరూ తినీసి లెగిసాక మేవు. అప్పటికి కూర గిన్నెలో ఏటుంటాది? గరిటె గీకిన సప్పుడుంటాది. పెల్లైన కాడినించి వేడన్నం రుసి మరిసిపోనాం ఇద్దరవూ.

పార్వతికి ఒకటే కోరిక. ఎవులికీ సెప్పేది కాదు, నాకే సెప్పేది. సిన్నప్పుడు ఆల నాన్నతో ఇసాపట్నం వచ్చినప్పుడు ఓ హోటలు బయట నిలబడి సూసిందట. రోడ్డు పక్కన బల్ల, బల్ల కాడ ఎవులో ఒకాయన కాలు మీద కాలేసుకుని కూకున్నాడట. సర్వరు పొగలు కక్కే మసాలా దోసె తెచ్చి ఆయన ముందెట్టీసి ఎల్లిపోనాడట. ఆయన రోడ్డు సూసుకుంటా తాపీగా తింతన్నాడట. "అప్పా, ఆయన లెగనేదే. మంచినీల్లకి కూడా లెగనేదు. ఆడే తెచ్చి పోసాడు," అనేది. ఎన్నిసార్లు సెప్పిందో! దోసె కోసం కాదమ్మలూ. దోసెలు మేవు పొయ్యనేదేటి? ఇంటిల్లిపాదికీ నిలబడి పోసేవోల్లం. దానికి కావల్సింది కూకోడం. ఇంకొకలు తెచ్చి పెడతంటే రోడ్డు సూసుకుంటా తినడం.

ఏటి సెప్తన్నాను? ఆఁ, ఓ ఏడు బెల్లానికి మంచి దర పలికింది. ఆయిలింజినుకి ఏవో సామాన్లు కావాలని అన్నదమ్ములిద్దరూ వన్ టౌనుకి బయల్దేరతన్నారు. పార్వతి మీ సిన్నతాతకి ఏటి నూరిపోసిందో మరి, ఆడోల్లని కూడా తీసుకెల్దామన్నాడు. మా అత్త ఊరుకుంటాదా? "పట్నంలో ఆడోల్లకి ఏటి పనిరా?" అంది. "సింహాచలం అప్పన్న దర్సనం," అన్నాను నాను. దేవుడి పేరెత్తితే ఆవిడ మరి కాదన్నేదు. ఆ దర్సనం అవ్వనూ నేదు, అదేరే సంగతి.

బస్సు దిగి లాడ్జిలో దిగాం. గది ఇంతే ఉంది గానీ, కుళాయి తిప్పితే నీల్లు! పార్వతి తిప్పుతాదీ, కట్టేత్తాదీ, మల్లా తిప్పుతాదీ. సాయంత్రం హోటలుకి తీసుకెల్లారు. పేరెందుకులే, ఇప్పుడది నేదు, బట్టల కొట్టెట్టారక్కడ. గుమ్మంలో అడుగెట్టామో నేదో సర్వరు కేకేసాడు, "ఫ్యామిలీ వత్తంది, కర్టెన్ తియ్యండి!" అని.

పార్వతి నా సెవిలో, "అప్పా, ఫ్యామిలీ అంటే ఎవులే?" అంది.

"మనవేనే," అన్నాను.

నోటికి కొంగడ్డెట్టుకుని నవ్వింది. కేకేసి మరీ మనకి దారిత్తన్నారనుకుంది, పిచ్చిది.

దారే ఇచ్చారు. గల్లాపెట్టె పక్కనించి, వంటగది పక్కనించి, ఎంగిలి పల్లేలు కడిగే కాడినించి ఎనక్కి తీసుకెల్లి ఓ గదిలో కూకోబెట్టారు. మాసిపోయిన కర్టెను. కిటికీ నేదు. పంకా ఉంది గానీ తిరగదు. గోడవతల పల్లేలు తోముతన్న సప్పుడు. ఇంటికాడ మేం కూకునే సోటే అది, కాపోతే ఓ బల్ల ఎక్కువ. కాసేపటికి మీ తాత "ఉక్కగా ఉందిరా," అని లెగిసాడు, ఎనకాలే తమ్ముడూ లెగిసాడు. ఎల్లి హాల్లో పంకా కింద కూకున్నారు. ఏ బల్లనుకున్నావు? రోడ్డు పక్కదే.

ఏటి తింటారని మమ్మల్నెవులడిగారు? సర్వరు కర్టెను ఎత్తి రెండు పల్లేల ఇడ్లీ పెట్టాడు.

"బాబూ, మసాలా దోసె…" అంది పార్వతి.

"సారు మీకు ఇడ్లీ సెప్పారమ్మా," అన్నాడు.

కర్టెను సందులోంచి సూసేం. ఆల్లిద్దరి ముందూ దోసెలే. పొగలు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వన్ టౌనెల్లిపోనారు. ఎల్తా ఎల్తా మీ తాత, "లోపల గడేసుకోండి, సాయంత్రం బీచికి తీసుకెల్తాం," అన్నాడు. ఆల్లు మెట్లు దిగారో నేదో పార్వతి సీర మార్సీసింది. "అప్పా, సముద్రం మనకి దారి సెప్పకపోదు, పద," అంది. అడుక్కుంటా ఎల్నాం. యారాడ కొండ పక్కన ఓడ ఆగుంది, దాని పొగ సూసి అది కూడా వొంటే సేత్తందేటే అని ఒకటే నవ్వు. అక్కడో సేపలమ్ముకునే ఆవిడ, తట్ట కాళీ సేసీసి, గోడ మీద కూకుని బజ్జీలు తింతంది. కాల్లు ఆడించుకుంటా తింతంది. పార్వతి అలగే సూసింది ఆవిణ్ణి. పూర్ణా మార్కెట్లో గాజులేయించుకున్నాం. అప్పుడు మరి డజను గాజులు ఎంతో… పోన్లే, గుర్తు నేదు.

మద్దేనం టిపిను ఏలకి ఆ హోటలు ముందుకొచ్చాం. సూత్తే రోడ్డు పక్క బల్ల కాళీగా ఉంది. పార్వతి నా సెయ్యి ఒగ్గీసి గబగబా ఎల్లి కూకుంది. కూకోడం కాదు, కాలు మీద కాలేసుకుంది! కొత్త గాజులు గలగలమన్నాయి. "రెండు మసాలా దోసె," అంది. నానూ పక్కన కూకున్నాను.

సర్వరొచ్చి, "ఇక్కడ కాదమ్మా, ఇది మగోల్లు కూకునే సోటు," అన్నాడు.

"సరే, ఆ లోపలి గదిలోనే పెట్టు బాబూ," అన్నాను నాను. పార్వతి నాకేసి కోపంగా సూసింది.

గల్లా కాడాయన, బొట్టూ కండువా, పెద్దమనిసే, కూకున్న సోటినించే అడిగాడు, "మీ ఆయనగార్లేరమ్మా?"

"పనికెల్లారండి."

"అయితే లోపలికి పంపడం కుదరదు. అది ఫ్యామిలీలకి."

పార్వతి అంది, "ఫ్యామిలీ అంటే మేవే కదండీ. నిన్న మమ్మల్ని సూసే కదా కేకేసారు."

"నిన్న మీతో మగోరున్నారు. మగోరు లేకండా వచ్చిన ఆడోల్లని ఫ్యామిలీ అనరమ్మా."

"మరేటంటారు?"

నిజంగా తెలీకే అడిగిందమ్మలూ. సదువుకోనిది. ఆ మాట ఇంగిలీసుది కదా, దానికింకో మాటుంటాదనుకుంది. ఉండే ఉంది ఆ ఇంకో మాట, అక్కడ కాఫీ తాగతన్న ప్రతోడికీ తెలుసు. మూలనున్నోడొకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో దానికి అర్దమైపోనాది. మెల్లిగా కాలు దించింది. లెగిసింది.

సాయంత్రం మగోల్లు కాఫీకని అక్కడికే ఎల్లారు. సర్వరు ఎంతో మర్యాదగా సెప్పాడట, "మీ ఫ్యామిలీ మద్దేనం వచ్చారండి," అని. సూసేవా? ఆల్లకి సెప్పినప్పుడు మల్లా ఫ్యామిలీ అయిపోనాం. మీ సిన్నతాత గదిలోకి వత్తూనే దాని సెంప పగలగొట్టాడు. మీ తాత కొట్టనేదు. ఆయన సేసిందేటంటే, బయటోల్లకి ఇనపడకండా తలుపేసాడు. అందుకే ఇప్పటికీ ఊల్లో అంటారు కదా, మీ తాత సెయ్యెత్తని మనిసి అని.

అప్పుడే బస్సెక్కించీసారు. ఇంటికాడ అత్తకి తెలిసింది, అత్తకి తెలిత్తే ఊరికి తెలీదేటి? ఆనాటినించి అది హోటలు పార్వతి. నూతి కాడ హోటలు పార్వతి, గానుగ కాడ హోటలు పార్వతి. కూరలో ఉప్పెక్కువైతే మొగుడే, "హోటలు దానికి ఇంటి వొంట ఎలగొత్తాది?" అనీవోడు. తరవాత్తరవాత పట్నం ఎల్లినప్పుడల్లా ఆయనే మసాలా దోసె పొట్లం కట్టించి తెచ్చేవోడు, వొయసు మీద పడ్డాక మెత్తబడ్డాడు కదా. పొట్లంలో దోసె కూడా మెత్తబడిపోయేది. పార్వతి పిల్లలకి పంచీసేది. ఒక్క ముక్క నోట్లో ఎట్టుకోనేదు.

పోయినేడు పోయింది కదా. పెద్దకర్మ రోజున, తెలుసు కదా, పోయినోల్లకి ఇట్టమైనవి వొండి ఆకులో పెడతారు. మీ సిన్నతాత, కొడుకుని బండి మీద పంపించి మసాలా దోసె తెప్పించాడు. లోపలి గదిలో పొటో ముందు ఆకేసి పెట్టారు. "దీనంటే దానికి పేణం," అని బోరుమన్నాడు. వచ్చినోల్లందరూ కల్లు తుడుసుకున్నారు, "ఎంత పేమో సూడు, గుర్తెట్టుకున్నాడు," అని.

నాను లెగిసాను. ఆ ఆకు పట్టుకెల్లి వీదరుగు మీద, రోడ్డు కనిపించేలాగ పెట్టాను. ముసల్దానికి మతి పోనాదన్నారు. కాకొచ్చింది, తినీసింది. పార్వతి సంతోసంగా తిన్నాదని అందరూ దన్నాలెట్టారు.

కాకి తిన్నాదమ్మలూ. పార్వతి తిననేదు.

… ఆపీ ఇంక దాన్ని. ఇలగ రా, దగ్గిరికి రా. పుట్టినరోజు పిల్లవి, నిన్న దీవించనేనేదు. సల్లగా ఉండమని నాను అనను. సల్లటి కూడు మేం తిన్నాం, సాలు. వేడివేడిగా తిను. కాలు మీద కాలేసుకుని తిను. మంచినీల్లు ఆల్లే తెచ్చి పోత్తారు, నువ్వు లెగకు.