బురుల్ ఎజే తన మీద వేసుకున్న వాక్యం

‘స్టాండప్ టూ’ అంటే ఏవిటని నన్నడుగుతావేంటే చోల్పోన్? నీ ఫోన్ చెప్పదూ? సరే, కూచో. ముందా తలుపెయ్యి. ఎవరూ లేర్లే, అయినా వెయ్యి. ఆ మాట మాకు బురుల్ ఎజే చెప్పింది. టీచరే, మేం అక్కా అన్నట్టు ఎజే అనేవాళ్ళం. మన నరీన్ కొండల్లో బళ్ళన్నిట్లోనూ పరాయి భాషంటే జర్మనే నేర్పేవాళ్ళు, మాకు మాత్రం ఇంగ్లీషు. మనిషి పుల్లలా ఉండేది, గొంతు మాత్రం గుర్రాల కాపరిది. “లేచి నిలబడ్డం కాదర్రా, ఎదురు నిలబడ్డం! మీకంటే బలమైనవాడికి! ఓడినా సరే, వంగకూడదు” అనేది. డేరా మీద ఉన్ని మంచుతుఫానుకి తట్టుకున్నా అదే మాటట. మా అమ్మ తడిపి, తొక్కి చేసిన ఉన్ని దుప్పటం చూళ్ళేదు నువ్వు, చుక్క నీరు దిగేది కాదు... ఏం చెబుతున్నాను? ఆఁ, వాక్యాలు. ఆవిడకదో పిచ్చి. పుస్తకంలోది అప్పజెబితే సున్నా. మీ ఇంట్లో జరిగిందే చెప్పాలి, ముందు ఇంగ్లీషులో, ఆనక మన భాషలో.

ఆ రోజు తనిఖీకని జిల్లా నుంచి ఒకాయనొచ్చి వెనక బల్ల మీద కూచున్నాడు. ఒకడు లేచి, మా కుక్క తోడేలుకి ఎదురు నిలబడింది అన్నాడు. ఆయన నవ్వాడు కూడానూ. తర్వాత షాయిర్ లేచింది. “గొర్రెల్ని మంచులోకి తోలనని మా నాన్న సమష్టి క్షేత్రం అధ్యక్షుడికి ఎదురు నిలబడ్డాడు.” అయిపోయింది! ఆ నాన్నని అంతకుముందు చలికాలమే సర్కారువాళ్ళు పట్టుకుపోయారు తల్లీ. ఇళ్ళల్లో ఆయన పేరెత్తితే పెద్దవాళ్ళు మా నోళ్ళు మూసేవాళ్ళు. నాకు ఊపిరి తీస్తే నన్నే చూస్తాడేమోనని భయం. ఆయన నెమ్మదిగా, “ఈ వాక్యం ఎవరు నేర్పారమ్మా?” అన్నాడు. అరిచినా అంత భయం వేసేది కాదు. షాయిర్ నోరు తెరిచేలోగా ఎజే అడ్డొచ్చింది. “నేనే ఇచ్చాను. నా వాక్యం అది. ఈ పిల్లకి అర్థం కూడా తెలీదు.” “నిజమేనా పిల్లలూ?” ఎజే మా వంక చూసింది. అబ్బ, కళ్ళతోనే బతిమాలిందే మమ్మల్ని! నిజమే అన్నాం అందరం. షాయిర్ అనకపోతే, ఎజేనే దాని భుజం గట్టిగా నొక్కి మరీ అనిపించింది.

తర్వాతా? తర్వాతేముంది, మాకూ జర్మనే చెప్పారు. ఎజే మళ్ళీ బడికి రాలేదు, ఏమైందని ఎవరూ అడగలేదు. ఎవరినడుగుతాం?

షాయిర్ ఎవరా? ఇంకా తెలీలేదుటే? మీ నాయనమ్మేనే. ఈ పిల్లకి ఇంగ్లీషొద్దని మీ నాన్నతో అంత గొడవ పడిందెందుకనుకున్నావ్? నీకు చదువొద్దని కాదే పిచ్చిదానా. నిన్నూ ఎవరో లేపి, నీ సొంత వాక్యం చెప్పమంటారని... ష్, బయట కారు ఆగినట్టు లేదూ? ఆ రొట్టె తిను, గట్టిపడిపోతోంది.