ముక్కుకు ముక్కు

హామిల్టన్ ఆసుపత్రి ముందు ఆగిన కారులో అక్కాచెల్లెళ్ళు. అక్క అప్పుడే ఛాతీలోని గడ్డకి రేడియేషన్ పెట్టించుకుని వచ్చింది. ఊళ్ళో తమ తెగవాళ్ళ సభామందిరమైన మరాయ్‌లో, తెరిచిన పెట్టెలో తమ్ముడు హోహేపా శవం.

"మరాయ్‌కి పోనివ్వవే. మన ఆచారం ప్రకారం వాడి ముక్కుకి ముక్కు ఆనించి సాగనంపాలి."

"నర్సు వద్దందిగా అక్కా. నీ ఒంట్లో తెల్లకణాలు ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేవుట. అక్కడ రెండొందల మంది ముక్కు ఆనించి పలకరిస్తారు. ఒక్కడికి జలుబున్నా నువ్వు తట్టుకోలేవు."

"గడ్డని కాల్చమంటే కాపలావాళ్ళని కాల్చిందేమే ఆ దిక్కుమాలిన మిషను?"

"రక్తం ఆ కిరణాల్లోంచే తిరుగుతుందిట. తిరిగినప్పుడల్లా కొన్ని తెల్లకణాలు చస్తాయిట."

"మళ్ళీ పుడతాయా?"

"పుడతాయి. నెలలు పడుతుందిట."

"నాకు నెలలున్నాయా? నిన్న స్కాన్ చూపించారుగా, గడ్డ తగ్గిందా?"

"లేదక్కా. పెరిగింది."

"సరే. మరాయ్ గేటు దగ్గర కారు ఆపు. అద్దాలు ఎత్తుకుని కార్లోంచే చూస్తాను."

"ముక్కు ఆనించకుండా ఉండగలవా?"

"ఉంటానే. త్వరలో నేనూ అక్కడే పడుకుంటాగా. అప్పుడు అందరూ వరసగా వచ్చి నాకు ఆనిస్తారు. ఏ నర్సూ వద్దనదు."