ఆదెమ్మ హాజరు

ఎవరూ, చేటలమ్మే ఆదెమ్మా? కూచో అయితే, నిలబడి వినే కథ కాదామెది. ఆ మూలనున్న చేట ఆమె అల్లిందే, ఇప్పటికీ బద్ద ఊడలేదు. అప్పట్లో మా కాపురం నందిగామకీ పేటకీ మధ్య, హైదరాబాదు రోడ్డు మీద. ఊరి పేరెందుకులే, ఈ కథలోవాళ్ళ మనవలున్నారింకా. మా అరుగుకెదురుగానే ఠాణా. పొద్దుగూకితే చాలు, ఆదెమ్మ వాళ్ళ ఎరుకల గూడెం మగాళ్ళంతా దాని ముందు వరసగా గొంతుక్కూచోవాలి. హాజరంటారు దాన్ని. ఏం తప్పు చేశారనా? పుట్టారు, అంతే. ఆ కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగని తెల్లదొరలు చట్టం రాసిపోయారు. దాన్ని మద్రాసులో ఎత్తేశారు, ఆనక ఢిల్లీలోనూ ఎత్తేశారు. మా ఠాణా హెడ్డు కానిస్టేబులు మాత్రం ఎత్తలేదు. ఎందుకెత్తుతాడే? హాజరుకొచ్చినవాళ్ళేగా వాళ్ళావిడకి నీళ్ళు మోసేదీ, కట్టెలు కొట్టేదీ! నేను పేపర్లో చదివి చెప్తే ఆదెమ్మ తిన్నగా పోయి అడిగింది. "ఢిల్లీ ఢిల్లీలో ఉంటుందే, ఇక్కడుండేది నేను" అన్నాట్ట మీసం దువ్వుకుంటూ. పైగా, "నీ కొడుక్కీ మీసాలొచ్చాయిగా, సోమవారం నుంచి వాణ్ణీ పంపు" అన్నాడు. అక్కడ తగిలింది ఆమెకి. మొగుడు రత్తయ్య ఏళ్ళ తరబడి కూచుంటే ఓర్చుకుంది. కొడుకు తిరుపతయ్య మాటెత్తేసరికి, "వాడి పేరు ఆ నోట పిలవనివ్వను అమ్మగారూ, నా ఒంట్లో ఊపిరుండగా" అంది, ఈతబద్ద చీల్చినట్టు.

ఆ సోమవారమే ఢిల్లీ మంత్రి ఎవరో మా రోడ్డున వస్తున్నాడని తెలిసింది. ఇహ చూసుకో, రోడ్డుకి అటూ ఇటూ సున్నం గీతలు, బళ్ళు రోడ్డెక్కకూడదని దండోరా, బందరు నుంచి పెద్ద పోలీసాఫీసరు. ముందురోజు హాజరులో హెడ్డు ఇంత నవ్వు పులుముకుని, "రేపొక్కరోజు ఎవ్వరూ రాకండ్రా, సెలవు" అన్నాడు. మగాళ్ళకి ఒకటే సంబరం. ఆదెమ్మ మండిపడింది. "సిగ్గులేదూ? చట్టమే ఉంటే పెద్దాఫీసరు ముందు మిమ్మల్ని వరసబెట్టి చూపించుకునేవాడు. దాస్తున్నాడంటే ఏంటి? పదండి, రేపే పోదాం. ఆడాళ్ళు కూడా!"

మర్నాడు ఆఫీసరు జీపు దిగేసరికి ఠాణా ముందు వరస. ముందు ఆదెమ్మ, వెనక గూడెం గూడెమంతా. తిరుపతయ్య ఒక్కడే లేడు, వాణ్ణి ఇంట్లో గంపలల్లుకోమంది. "ఎవర్రా వీళ్ళు, కారొచ్చే వేళ?" అని ఆఫీసరు కేకలు. "హాజరుకొచ్చామండి" అంది ఈమె. "ఏం హాజరు?" అని హెడ్డుని నిలదీశాడు ఆఫీసరు. "ఎవరూ పిలవలేదు సార్, వాళ్ళంతట వాళ్ళే..." అని నసిగాడు. ఆదెమ్మ వరస వంక తిరిగి, "పిలవలేదంట, విన్నారా?" అని, ఆఫీసరుతో, "అయితే ఇంకెప్పుడూ రానక్కర్లేదని మీ నోటితో అనండి బాబయ్యా, లేచిపోతాం. లేదా ఢిల్లీ బాబునే అడుగుతాం" అంది. అవతల హారన్లు వినిపిస్తున్నాయి. "అక్కర్లేదు! ఎప్పుడూ అక్కర్లేదు, లేవండి!" అని అరిచాడు ఆఫీసరు. వాళ్ళు లేచారు. మంత్రి కారు అద్దాలెత్తుకుని రయ్యిమని పోయింది, దుమ్ము మా అరుగు మీద పడేసి.

హెడ్డు ఊరుకుంటాడా? నెల తిరక్కుండా ఎవరిదో మేక పోయిందని రత్తయ్యని లాక్కెళ్ళి కుళ్ళబొడిచాడు. ఆ మేక ఎక్కడో మేసి దానంతటదే వచ్చిందనుకో. అప్పుడూ గూడెంలో ఒక్కరు హాజరుకి పోలేదు, ఆదెమ్మ పోనివ్వలేదు. కానీ ఆ రత్తయ్య, పిచ్చి మహారాజు, పొద్దుగూకేసరికి ఠాణాకి పోందే కాళ్ళు ఆగవు. అల్లుతున్న గంప వదిలేసి లేచేవాడు. ఆమె తుండుగుడ్డ పట్టుకు లాగి, "కూచో. నిన్నెవరూ పిలవలా" అనేది. ఆమె పోయేదాకా రోజూ అంతే. ఆమె పోయాక మరి లాగేవాళ్ళెవరు... ఏమే, నువ్వూ లేచావూ? పొద్దుగూకిందనా? లైటు వేసి కూచో.