మూడో పిలుపు

(పాల్వంచలో ఒక డిగ్రీ కాలేజీ, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు గది. కాలేజీలో జరగబోయే కెమిస్ట్రీ సదస్సుకు ఇంకో వారం. కన్వీనర్ బసవపున్నయ్య, సెషన్లు చూస్తున్న లెక్చరర్ హేమలత.)

“...లంచ్ అయినంక పాలిమర్స్ పెట్టొద్దు సార్. హాలంత నిద్రపోతరు.”

“మరేం పెడదాం హేమలతా? బొగ్గా?”

“బొగ్గు మీద మస్తు పేపర్లు వచ్చినయి. కొత్తగూడెమోళ్లకు బొగ్గు తప్ప ఇంకోటి కనబడదు. అవన్ని రెండో రోజు పొద్దుగాల. లంచ్ అయినంక నీళ్ల పేపర్లు పెడదాం. ఫ్లోరైడ్ అంటే మనోళ్లు లేచి కూసుంటరు. ఎవరింట్ల చూసినా మోకాళ్ల నొప్పులే గద.”

“బాగుంది. అయితే పాలిమర్స్ మొదటి సెషన్‌లోకి తోసేద్దాం, ఇనాగరేషన్ అవ్వగానే. పదింటికి మొదలుపెట్టేద్దాం కదా?”

“పదింటికని వేద్దాం. చీఫ్ గెస్ట్ పన్నెండింటికి వస్తడు.”

“ముందే అంత నమ్మకమా!”

“పోయినసారి గట్లనే అయింది సార్. దీపం వెలిగించేసరికి లంచ్ టైమైంది.”

“ఈసారి ఆయన రాకపోతే దీపం నేనే వెలిగిస్తాను, పో. ఇంతకీ నువ్వు తిన్నావా?”

“ఓహెచ్‌పీ ప్రొజెక్టర్ ఒక్కటే ఉంది. ఇంకోటి కొత్తగూడెం నుంచి తేవాలె.”

“తిన్నావా అని అడిగాను.”

“తిన్న సార్. బల్బు కూడా ఒకటి ఎక్‌స్ట్రా తెప్పియ్యండి.”

“ఏం తిన్నావు?”

“యాదికి లేదు.”

“...సరే. బల్బు. గుర్తుపెట్టుకుంటాను. హేమలతా, మీ ఆయన హరిలాల్ పోయి నెల కూడా కాలేదమ్మా. సెలవులో ఉండమని ప్రిన్సిపాల్ గారు చెప్పారు, నేనూ చెప్పాను. ఈ సెషన్ల గోల ఇంకెవరికైనా అప్పగిస్తాను.”

“ఇంట్ల ఉండి ఏం చెయ్యాలె సార్? మా అత్త ఒక గోడకు, నేనొక గోడకు. ఎంతసేపని కూసుంటం? రెండో సెషన్ చూడండి.”

“చూస్తున్నాను. రెండో సెషన్, నీటి పరీక్షలు... ఆగు. ఇదేంటి? ‘చర్ల మండలం అడవి గ్రామాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఇనుము’. ఆథర్ బి. హరిలాల్.”

“అవ్ సార్.”

“అమ్మా...”

“టైముకే పంపిండు. జ్వరం రాకముందే సెలెక్ట్ అయింది.”

“నాకు తెలీదా? సెలెక్ట్ చేసింది నేనే. కానీ పోయిన మనిషి పేరు ప్రోగ్రాంలో ఎట్లా వేస్తాం?”

“అందరి పేర్లు వేస్తున్నం. ఆయనదొక్కటి తీసేస్తమా?”

“తీసేద్దామని కాదు. నీ పేరు కూడా కలుపుదాం. సెకండ్ ఆథర్. నువ్వే చదువు. ఆఖర్న తెచ్చిన బాటిళ్లు నువ్వే కదా టెస్ట్ చేశావు?”

“చేసిన. కర్మ అయిన తెల్లారి చేసిన. అయితే ఏంది? చర్ల కాలేజీల పాఠాలు చెప్పినంక వాగులు దాటుకుంట, ఊరూరు తిరిగి నీళ్లు పట్టింది ఆయన. దోమలు కుట్టింది ఆయన్నే. నేను బాటిళ్లు కడిగిన, లేబుళ్లు అంటించిన. నా పేరు వద్దు.”

“పోనీ, ఇనాగరేషన్‌లో రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. స్టేజి మీద ఫోటో పెట్టి...”

“ఫోటో వద్దు. దండ అసలే వద్దు సార్.”

“మరి నీకేం కావాలి?”

“ఏం లేదు. ఆయన వంతు ఆయనకు ఇయ్యండి. పావుగంట. అందరికి ఇచ్చినట్టే.”

“ఇస్తే ఎవరు లేచొస్తారమ్మా?”

“ఎవరు రాకపోతే మనం ఏం చేస్తం సార్? రూల్ ఉంది గద.”

“ఏ రూలు? మూడు పిలుపుల రూలా?”

“అదే. చైర్‌లో కూసున్నోళ్లు మైకుల మూడుసార్లు పేరు పిలవాలె. రాకపోతే గైర్హాజరని రాసి, పేపర్ చదివినట్టే అనుకొని ముందుకు పోవాలె. మీరే పెట్టిన్రు.”

“నేనే పెట్టాను. కిందటి సదస్సులో రాందాస్ బయట మిరపకాయ బజ్జీ తింటూ ఉండిపోయాడు, గుర్తుందా? మూడో పిలుపు కూడా అయ్యాక నోట్లో బజ్జీతోనే పరిగెత్తుకొచ్చాడు.”

“ఎంత బతిమిలాడినా మీరు ఇయ్యలే.”

“ఎందుకిస్తాను? మూడో పిలుపు అయిందంటే అయిపోయినట్టే. తర్వాత దేవుడొచ్చినా ఇవ్వను.”

“మా సార్ ఇంటికొచ్చినంక కూడ నవ్విండు. అన్నం తింట తింట నవ్విండు.”

“హరిలాల్ నవ్వితే కారిడార్ చివరికి వినిపించేది... సరే. పేపర్ ఉంచుతాను. ఎవరేమన్నా నేను చూసుకుంటాను. చైర్ ఎవరు? అది చెప్పలేదు నువ్వు.”

“చెప్త.”

“కిషోర్‌ని వేద్దామా? ఖమ్మం నుంచి వస్తున్నాడు. గొంతు బాగుంటుంది.”

“కిషోర్ సార్‌ను బొగ్గుకు పెట్టిన.”

“సునంద మేడం?”

“ఆమె ఏడుస్తది. సెషన్ ఆగిపోతది.”

“మరి ఎవరు?”

“టీ రెండుసార్లు చెప్పిన్రా సార్, ఒక్కసారేనా?”

“హేమలతా. చైర్ ఎవరు?”

“నేను.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దమ్మా. నీ వల్ల కాదు.”

“ఏడుస్తననా? నాకు ఏడుపు వస్తలేదు సార్. దవాఖానల రాలే, తండాల రాలే. రాయి లెక్క కూసున్నవేందని మా అత్త కూడ అడిగింది.”

“ఏడుస్తావని కాదు.”

“మరేంది?”

“ఎట్లా చెప్పను... పేరు పిలవాలి కదా.”

“పిలుస్త.”

“హరిలాల్ పేరు నువ్వు ఎన్నడైనా పలికావా? ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ‘మా సార్’, ‘ఆయన’, ‘చర్ల నుంచి వస్తున్నరు’. మూలకాల పేర్లన్నీ గడగడా చెప్తావు, మొగుడి పేరు మాత్రం నోట్లోంచి రాదని స్టాఫ్ రూములో నిన్ను ఎంత ఏడిపించేవాళ్లం!”

“మా తండాల గంతే సార్. మా అత్త సోమ్లి ఇప్పటికి మా మామ పేరు చెప్పదు. రేషన్ షాపుల పక్కామె చెప్పాలె. పెళ్లయిన కొత్తల నేను నోరు జారబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పేరు పలికితే మొగని ఆయుష్షు తగ్గుతదట.”

“ఎమ్మెస్సీ చదివావు. నమ్మావా?”

“నమ్మలే. పిలవనూ లే.”

“అందుకే చెప్తున్నాను. ఆ రోజు దవాఖానాలో నేను పక్కనే ఉన్నాను. డాక్టర్ ఏమన్నాడు? ‘మలేరియా మెదడుకెక్కింది. పేరు పెట్టి గట్టిగా పిలువమ్మా, నీ గొంతు గుర్తుపడతాడేమో’ అన్నాడు. నువ్వేమన్నావు? ‘ఇగో’ అన్నావు. ‘ఇగో, ఇటు చూడండి’ అన్నావు. పెదాలు కదిలాయి గానీ పేరు రాలేదు. చివరికి నేనే పిలిచాను.”

“అవ్. మీరు పిలిచిన్రు.”

“నేను తప్పు పట్టట్లేదమ్మా...”

“తెలుసు సార్. మీరు మస్తు గట్టిగ పిలిచిన్రు, నర్సులు ఉరికొచ్చిన్రు. మీ గొంతుకు ఆయన పలకలే. నా గొంతుకు పలుకుతుండెనో ఏమో. ఇగ ఎన్నటికి తెల్వది.”

“హేమలతా, అట్లా అనుకోకు.”

“ఆయుష్షు తగ్గుతదని ఆగిన సార్. ఇగ తగ్గనీకె ఏముంది? ఆయన పేరు నేను ఒక్కసారన్న పిలవాలె. తలుపేసుకొని ఇంట్ల పిలిచి చూసిన. పక్క అర్రల అత్త ఉంటది, గొంతు పెగలలే. మైకు ముందైతే డ్యూటీ. డ్యూటీ అంటే చేస్త.”

“హాలు నిండా జనం ఉంటారు. అక్కడా పెగలకపోతే?”

“ఏమో.”

“సరే, ఒక పని చెయ్యి. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నేనే ఆడియన్స్ అనుకో. ఆ డస్టర్ మైకు అనుకో. పిలువు. పిలిచావంటే చైర్ నీదే, ఎవరడ్డొచ్చినా.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

“తలుపెయ్యండి సార్.”

“వేశాను. కానివ్వు.”

“రెండో సెషన్. ఇప్పుడు... చర్ల మండలం అడవి గ్రామాల బోరు నీళ్లు. ఆథర్... మంచినీళ్లు ఇయ్యండి సార్.”

“ఇదుగో. తాగు. తొందరేం లేదు.”

“ఆథర్... హ... హరిలాల్.”

“శభాష్! ఇంకోసారి.”

“హరిలాల్!”

“వచ్చిందమ్మా, గొంతు వచ్చింది! గేటు దాకా వినిపించి ఉంటుంది. చైర్ నీదే. ఊఁ, మూడోసారి కూడా పిలువు, అయిపోతుంది.”

“డస్టర్ తీసుకోండి సార్.”

“హేమలతా? మూడుసార్లు కదా రూలు. పిలువు.”

“మూడోది పిలవ సార్. పిలిస్తే ఆయన రాలేదని రాయాలె.”