డ్రైవరమ్మను అడగాల

పొద్దు పదకొండు గంటలు. వాకాడు దగ్గిర పల్లె. హజరత్తయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చోనుండాడు. కామందు నరేంద్రబాబు బుల్లెట్టు బండి రోడ్డు మీదే పడేసొచ్చి, గేటుకాడ నిలబడుండాడు.

"అది కాదు హజరత్తయ్యా, ఒక్కసారి ఆకాశం చూడు."

"చూస్తానే ఉండా బాబూ. బాగుంది."

"బాగుండేదేంది! సముద్రం మీద ఎట్టా నల్లంగా కమ్ముకోనొస్తుందో కనపళ్లేదా? సాయంత్రానికి దంచేస్తాదంట. టీవీలో చెప్తుండారు."

"మాకు టీవీ లేదు బాబూ. ఉండేది ఆకాశమే."

"ఆరెకరాల వరయ్యా! కంకి కంకీ వొంగిపోయుంది. రాత్రి పడిన జల్లుకే చేనంతా మెత్తబడింది, టైర్ల కోత మిషను దించితే దిగబడిపోతాది. చైను చక్రాల మిషనే కావాల."

"తమిళోళ్ల మిషన్లు ఉండాయి గదా. ఏటా మీకు కోసేది వాళ్లే గదా."

"వాళ్ల సంవత్సరాదని బళ్లు ఆపేసి ఊళ్లకు పోయినారు. నాలుగు రోజులదాకా రారు. కోట టౌను దాకా పోయొచ్చినా. నాయుడుపేటకు ఫోన్లు చేసినా. ఈ చుట్టుపక్కల చైను మిషను మీ ఆడోళ్ల గ్రూపుది ఒక్కటే ఉంది."

"ఓహో. అది మిషనని మీకు తెలుసా! కోళ్లగూడు అనుకుంటుండారేమోనని నేను."

"ఎగతాళి చెయ్యొద్దు."

"ఎగతాళి యాడిది? నిరుడంతా దాని కింద మా కోడి రెండు మాట్లు పొదిగింది. పన్నెండు మంది ఆడోళ్లు అప్పుకు సంతకాలు పెట్టి తెచ్చుకున్న మిషను బాబూ. మొదటి పిలుపు తరవాత ఒక్క రైతు పిలిస్తే ఒట్టు. ఎందుకు పిలవలేదో... మీకేమన్నా తెలుసా?"

"పాత సంగతులు ఇప్పుడెందుకులే."

"నిరుటి సంగతి పాతదా? మెకానిక్కు పెంచలకృష్ణ షెడ్డులో పని మానుకోని, పక్కన కూర్చోని మిషను తోలేది నేర్పినాడు మా పిల్లకు. చిన్నపోలయ్య తన బీడు వదిలిపెట్టినాడు, తోలి తోలి చెయ్యి కుదుర్చుకోమ్మా అని. మా ముసిల్ది మస్తానమ్మ, కట్టుకునే చీర చించి సీటుకు మెత్త కుట్టింది. ఇంతమంది కలిసి ఒక పిల్లను మిషనెక్కిస్తే... మిషనును రమ్మంది మీరే. పైన ఆడపిల్ల ఉండాదని చూసి, ఒక్క చుట్టు తిరిగిందో లేదో, మీరేం చేసినారు?"

"అప్పుడు మా అమ్మ ఏమన్నదంటే..."

"మీ అమ్మ సంగతి అడగలేదు. మీరు."

"దిగమన్నా."

"ఎంతమంది ముందర?"

"ఉండారు, ఒక యాభై మంది."

"దిగింది. తరవాత?"

"తరవాత... చల్లించినా."

"ఏం చల్లించినారు? నాకు చెవుడు బాబూ. గట్టిగా."

"పసుపు నీళ్లు! ఆడపిల్ల మిషనెక్కి తొక్కింది, చేను మైలపడిందని పసుపు నీళ్లు చల్లించినా! చాలా?"

"ఆ చేలో నాట్లేసింది ఆడోళ్లే. కలుపు తీసింది ఆడోళ్లే. వొంగి నాటేటప్పుడు లేని మైల, పైనెక్కి కూర్చుంటే వచ్చిందా బాబూ?"

"తప్పేనంటుండా గదన్నా!"

"అన్నా! మే మస్తానమ్మా, విన్నావా లోపల? నిన్నటిదాకా 'ఏరా హజరత్తా'. గేటుకాడికొచ్చేసరికి 'హజరత్తయ్యా'. ఇప్పుడు 'అన్నా' అంటుండాడు. నాలుగు చినుకులు పడనీ, 'నాయనా' అంటాడు."

"నాయనా అనే అంటా. పాపను పంపించు నాయనా."

"పాపా? మా ఇంట్లో పాపలెవురూ లేరే."

"సాయిలక్ష్మినయ్యా!"

"సాయిలక్ష్మి నా మనవరాలు. ఆ పిల్ల ఊరకే ఎవురి చేలకూ పోదు. మిషను కావాలంటే డ్రైవరును అడగాల."

"సరే... డ్రైవరమ్మా."

"ఆమె పెరట్లో మిషను కింద పడుకోని గ్రీజు పెట్టుకుంటుంది. వినపడదు."

"డ్రైవరమ్మా! డ్రైవరు సాయిలక్ష్మమ్మా! నా చేను కోసిపెట్టు తల్లీ!"

"ఆ. ఇప్పుడు బాగుంది. చూడు, ఎదురింటోళ్లు కూడా బయటికొచ్చినారు. ఇంక పోయిరా బాబూ."

"పోతా. మిషను నా వెనకాలే వస్తాది గదా?"

"రాదు."

"రాదా?"

"మీ నోటితో పిలిపించుకోవాలని ఒక కోరిక ఉండె. తీరింది. మీ చేను నేలకు పడిపోవాలని ఇంకో కోరిక. అది వాన చూసుకుంటాది."

"ఇది దుర్మార్గం హజరత్తా!"

"అదో, మళ్లా హజరత్తా దగ్గిరికే వచ్చినాడు."

"తాతా, తాళంచెవి ఇయ్యి."

"నువ్వెందుకొచ్చినావు సాయీ? పో, పోయి గ్రీజు పెట్టుకో."

"పెట్టేసినా. తాళంచెవి నీ మొలతాడుకుంది. ఇయ్యి తాతా, పొద్దుపోతుంది. ఇప్పుడు బయల్దేరితేనే సాయంత్రానికి ఆరెకరాలు అయ్యేది."

"నీకు రోషం లేదా మే? ఆ పొద్దు ఇంటికొచ్చి, గోడకు మొగం పెట్టుకోని మూడు దినాలు అన్నం ముట్టలేదే! పక్కన కూర్చోని కలిపి పెట్టబోతే కంచం తోసేసినావే! నేను మర్చిపోతానా?"

"నేను మర్చిపోయినానని ఎవురన్నారు? నీకంటే నాకే ఎక్కువుంది."

"ఎక్కువుంటే పడిపోనీ ఆ చేను!"

"పడిపోతే ఏమవుతాది? ఆయన వానను తిట్టుకుంటాడు. ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీసుకోని, నష్టం రాసుకోని పోతారు. ఊరంతా చేరి 'అయ్యో పాపం నరేంద్రబాబు' అంటారు. నిరుడు నన్ను చూసి ఒక్కరన్నా అన్నారా ఆ మాట? ఆయన్ని పాపం అంటుంటే నేను వినలేను తాతా."

"కోస్తే?"

"కోస్తే తిట్టుకునేదానికి వాన కూడా ఉండదు. ఏడాది పొడుగునా, కంచం ముందర కూర్చున్నప్పుడల్లా, ఆ అన్నం ఎవురు కోసిందో గుర్తొస్తాది. నమలాల, మింగాల. వాళ్లమ్మ కూడా మింగాల."

"వాళ్లమ్మ కూడానా?"

"ఇస్తావా, మొలతాడు తెంపుకోమంటావా?"

"ఉండు, ఉండు. ముడి బిగుసుకుపోయింది. నేనే విప్పుతా. ఓరి నీ... నేనేదో పగ పట్టినానని అనుకుంటుండా ఇంతసేపూ. ఇదిగో, తీసుకో."

"బాబుగారూ, అంతా విన్నారు గదా? మీ వెనకమాట కాదు, మొగాన్నే చెప్పినా. కొయ్యమంటారా, వద్దంటారా?"

"వద్దంటే?"

"వద్దంటే పోయి గ్రీజు చేతులు కడుక్కుంటా."

"కొయ్యి. కొయ్యమ్మా! నీ పంతం నీది, నాకూ ఉంది పంతం. ఆ వడ్లలో ఒక్క గింజ గడప దాటి లోపలికి రానిస్తేగా! చేలోనించే లారీకెత్తి మిల్లుకు తోలేస్తా. తినేదానికి అంగట్లో బియ్యం తెచ్చుకుంటాం. అప్పుడేం గుర్తొస్తావు నువ్వు?"

"మంచిది, తోలేయండి. ముత్తాతల కాడినించీ సొంత విత్తనమే గానీ కొని ఎరగని ఇల్లు మీది... మరి వచ్చే ఏడు నారుమడిలో ఏం చల్లుతారు బాబుగారూ?"